కుడిచేతి లోలాకులు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె లోలాకులావిడే. "లోలాకులావిడ ఇల్లెక్కడండీ?" అని అడిగితే మందుల షాపాయన దగ్గర్నుంచి ఇస్త్రీ చేసే ముసలాయన దాకా ఎవరైనా సరే మెట్లు చూపించి, "రెండో అంతస్తు, తలుపుకి దారం పువ్వు వేలాడుతుంటుంది చూడండి" అని చెప్పేస్తారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె పొంగిపోయేది. పొంగిపోదూ మరి! ఫలానా డ్రైవరు గారి భార్య అనో, ఫలానా పిల్ల తల్లి అనో తప్ప అంతకుముందు ఆమెను ఇంకోలా ఎవరు గుర్తుపెట్టుకున్నారు గనక?

బంగారం కాదు, వెండి కాదు. సన్నటి నూలు దారం, చివర చిన్న కొక్కెం ఉన్న క్రోషే సూది, గుప్పెడు పూసలు. సూదితో పువ్వు అల్లి, జిగురునీళ్ళలో ముంచి, గుండుసూదులతో అట్టకు గుచ్చి ఆరబెడతారు. గట్టిపడ్డాక చెవికి తగిలించే తీగ ఎక్కిస్తే లోలాకు తయారు. మెడగొలుసులూ చేతిపట్టీలూ కూడా అల్లేవాళ్ళనుకోండి, కానీ పేరు తెచ్చింది మాత్రం చక్రం పువ్వు లోలాకులే. ఆ పువ్వు రేకులు ఒకదాని మీద ఒకటి వాలి, గిర్రున తిరుగుతున్నట్టు ఉంటాయి. విశేషం ఏమిటంటే, జతలో ఒక పువ్వు ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే రెండూ ముఖం వైపే తొంగి చూస్తున్నట్టుంటాయి. ఇంకెవరు అల్లినా రెండూ ఒకవైపే తిరుగుతాయి. "అదెలా చేస్తారండీ బాబూ!" అని నోరెళ్ళబెట్టని ఆడమనిషి లేదు.

ఎలా చేస్తారంటే, ఇద్దరు చేస్తారు. అంతే.

ఆ ఇంట్లో ఆమె భర్త అక్క కూడా ఉంది, లోలాకులావిడకు వదిన. చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టీ కుట్టీ, అది మూతపడ్డాక తమ్ముడింటికి వచ్చేసింది. పెళ్ళి చేసుకోలేదు. మాట తక్కువ. పుర్రచెయ్యి. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆ ఎడమచేతి మీద గరిటెతో వాయించింది, చెయ్యి వీపు వెనక్కి పెట్టి కట్టేసింది, అయినా ఆ మొండిఘటం చెయ్యి మార్చుకోలేదు. కాకపోతే నలుగురిలోకి వెళ్ళినప్పుడు ఆ చేతిని శాలువా కింద దాచుకునే అలవాటు మాత్రం అప్పుడే పట్టుకుంది. జుట్టు నెరిసినా అది వదల్లేదు.

అల్లిక నేర్పింది ఈ వదినే. వంటింటి కిటికీ దగ్గర మరదల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నా చేతినే చూస్తూ ఉండు, నేనెలా తిప్పితే నువ్వలా తిప్పు" అనేది. ఎదురెదురుగా కూర్చుంటే అద్దంలో చూసుకున్నట్టే కదా. ఆవిడ ఎడమచెయ్యి ఈవిడ కుడిచేతికి చక్కగా సరిపోయింది. చెరో పువ్వూ పూర్తిచేసి పక్కపక్కన పెడితే ఏముంది, ఒకటి ఇటు, ఒకటి అటు! ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

"పాడైపోయింది వదినా, నాది విప్పేస్తా" అంది మరదలు.

"ఉండవే పిల్లా, తొందరపడకు. ముందు చెవులకు పెట్టుకుని చూడు" అంది వదిన.

ఆ జత పుట్టింది అలాగ. అప్పట్నుంచీ కుడిచెవి పువ్వు లోలాకులావిడది, ఎడమచెవి పువ్వు వదినది. మరి వీధిలో అందరికీ ఒక్క లోలాకులావిడే ఎందుకు తెలుసు అంటారా? అక్కడే ఉంది సిగ్గుపడాల్సిన సంగతి.

ఒకసారి మహిళా సంఘం వాళ్ళు తమ హాల్లో ఇంటి తయారీ వస్తువుల అమ్మకం పెట్టారు. వదినా మరదళ్ళు కూడా ఒక బల్ల తీసుకుని, నల్ల గుడ్డ పరిచి, లోలాకులు పేర్చుకున్నారు. వదిన టీ తేవడానికి వెళ్ళిన కాసేపట్లోనే సంఘం అధ్యక్షురాలు వచ్చింది. నిలువెత్తు మనిషి, కళ్ళద్దాలు గొలుసుకు వేలాడేసుకుని ఉంటుంది. ఒక జత అరచేతిలో పెట్టుకుని, "ఏంటమ్మా ఇది! ఇవన్నీ మీరొక్కరే చేశారా?" అంది. ఆ గొంతులో ఎంత మెచ్చుకోలో! జన్మలో ఎవరూ ఆమెతో అలా మాట్లాడలేదు. నోరు జారిందో, మనసే జారిందో, "అవునండీ" అనేసింది.

అని పక్కకు తిరిగేసరికి వదిన రెండు గ్లాసులతో నిలబడి ఉంది. విందా అంటే వింది. ముఖంలో మాత్రం ఏమీ కనపడలేదు. "వేడిగా ఉంది, చూసుకుని తాగు" అంటూ గ్లాసు అందించింది.

నాలుగు తిట్టినా బాగుండేది. ఇంటికెళ్ళాక చెప్పేద్దాం అనుకుంది లోలాకులావిడ, పొరపాటైపోయింది వదినా అని. ఇంటికెళ్ళాక రేపు చెబుదాం అనుకుంది. ఇలాంటివి రేపటికి వాయిదా పడ్డాయంటే ఇక అంతే సంగతులు. ఆ తర్వాత అడిగినవాళ్ళందరికీ అదే జవాబు చెప్పాల్సి వచ్చింది. ఎవరైనా కొనడానికి ఇంటికొస్తే, తలుపు చప్పుడు వినగానే వదిన తన సూదిని డబ్బాలో పడేసి వెనకగదిలోకి వెళ్ళిపోయేది. వెళ్ళమని ఈవిడ చెప్పలేదు, నిజమే. ఆగమని కూడా చెప్పలేదు. వాళ్ళు పోయాక వదిన మళ్ళీ వచ్చి, ఎక్కడ ఆపిందో అక్కడే అందుకునేది. ఆ ముఖంలోకి చూడలేక లోలాకులావిడ లేని పని కల్పించుకుని పూసలు రంగురంగులుగా ఏరుతూ కూర్చునేది.

ఇలా ఉండగా అధ్యక్షురాలు ఫోను చేసింది. "సంఘంలో ఆడవాళ్ళకు మీ అల్లిక నేర్పాలండీ. వారం వారం క్లాసు పెడదాం" అని. ఈవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. దారం ఉండల సంచీలు మోయడానికి తోడు కావాలంటే వదినే వెంట వెళ్ళింది.

మొదటి క్లాసు మొదట్లో బాగానే నడిచింది. హాలు మధ్యలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. గొలుసు ఎలా అల్లాలో, చివర కలిపి వలయం ఎలా చెయ్యాలో, రేకు ఎక్కడ మొదలెట్టాలో చెబుతుంటే అందరూ బుద్ధిగా విన్నారు. నర్సు పని చేసే ఒకావిడ చెయ్యి భలే చురుకు. అందరికంటే ముందు పువ్వు పూర్తిచేసి ఎత్తి చూపించి, "ఇది కుడిచెవిది. మరి ఎడమచెవిది ఎలా చేస్తారు? అది చూపించండి" అంది.

లోలాకులావిడకు ఇది అడుగుతారని తెలియదా? తెలుసు. అయినా ఆ రోజు రాదులే అనుకుంది.

"ఆఁ, చూపిస్తా" అంటూ సూది తీసుకుని అల్లింది. ఏముంది, ఇటే తిరిగింది. బోర్లా తిప్పి చూపిద్దామా అనుకుంటే వెనకవైపు ముడులన్నీ బయటపడి వికారంగా ఉంది. అందరూ తన చేతివైపే చూస్తున్నారు. చివరికి పళ్ళికిలించి, "అన్నీ ఒక్కరోజే చెప్పేస్తే ఎలాగండీ! అది మా చేతి రహస్యం" అంది.

అందరూ నవ్వారు. నర్సు ఊరుకుందా? గోడవారన సంచీల పక్కన కూర్చున్న వదిన వైపు తిరిగి, "ఏమండీ, మీరు చెప్పండి. ఇంట్లో చూస్తూనే ఉంటారుగా, ఈవిడ ఎలా చేస్తుందో" అని తగులుకుంది.

ఒక్క మాట చాలు. వదిన చెయ్యి బయటికి తీసి సూది పట్టుకుంటే చాలు. లోలాకులావిడకు చెప్పేస్తుందేమోనని భయం, చెప్పేస్తే పీడా పోతుందన్న ఆశ, రెండూ ఒక్కసారే కలిగాయి.

వదిన ఎడమచేతిని శాలువా కిందికి ఇంకాస్త లాక్కుని, "నాకేం తెలుసమ్మా! నేను దారం ఉండలు చుట్టిపెడతాను, అంతవరకే. పనంతా తనదే" అంది.

తల కొట్టేసినట్టయింది లోలాకులావిడకు. తను అబద్ధమాడితే ఆడింది, ఆ మనిషి చేత కూడా ఆడించింది. ఇంటికి వెళ్ళే దారంతా ఇద్దరూ చెరో సంచీ పట్టుకుని నడిచారు. "వదినా" అని ఒకసారి పిలిచింది. "ఏంటే" అంది ఆవిడ. "ఏం లేదు" అంది ఈవిడ. ఛీ, ఏం బతుకు!

మర్నాడు పొద్దున్న టీ పెడదామని వంటింట్లోకి వెళ్తే వదిన అప్పటికే కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఏదో తేడాగా కనిపించి దగ్గరికెళ్ళి చూస్తే, సూది కుడిచేతిలో ఉంది. పలక మీద మొదటిసారి గీతలు గీసే పిల్లలా వేళ్ళు బిగబట్టి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో ముడినీ కిందా మీదా పడి లాగుతోంది. ఒడినిండా విప్పేసిన దారం. అట్ట మీద మాత్రం ఒకే ఒక్క పువ్వు గుచ్చి ఉంది. ఒక రేకు పొట్టి, ఒక రేకు సాగిపోయింది, మధ్య వలయం వదులైపోయింది.

"ఇదేంటి వదినా?"

"రెండూ ఒకవైపే తిరిగాయనుకో, ఇంక ఎవరూ అడగరు కదా. కొత్త రకం అని చెప్పెయ్యి. నలుగురిలో నీకు ఇబ్బంది ఉండదు" అంది వదిన తలెత్తకుండానే. "ఇంకో పదిరోజులు పోతే చెయ్యి అదే తిరుగుతుందిలే, నా వంతు నేనే అల్లేస్తా."

కన్నతల్లి గరిటెతో కొట్టినా మారని చెయ్యి అది. లోలాకులావిడ పొయ్యి వైపు తిరిగి నిలబడిపోయింది. గిన్నె పెట్టిందో లేదో, పొయ్యి వెలిగించిందో లేదో కూడా ఆమెకు తెలియలేదు. ఏడుపొచ్చింది గాని, ఏడ్చే హక్కు తనకెక్కడిదని మింగేసింది.

రెండో వారం వదిన క్లాసుకు రానంది. "మోకాళ్ళు నొప్పి, నువ్వెళ్ళు" అంది. లోలాకులావిడ ఒక్కతే బయల్దేరింది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి అద్దం ముందుకు వచ్చి, కుడిచెవికి తన పువ్వు పెట్టుకుంది. ఎడమచెవికి ఆ వంకర పువ్వు పెట్టుకుంది.

హాల్లో కూర్చోగానే నర్సే చూసింది. "అయ్యో, అదేంటండీ ఆ చెవిది? ఎవరో చిన్నపిల్ల అల్లినట్టుంది!" అని కిసుక్కున నవ్వింది. పక్కవాళ్ళూ నవ్వారు.

"మా వదిన అల్లింది" అంది లోలాకులావిడ. "కుడిచేత్తో అల్లింది. ఆవిడది పుర్రచెయ్యి. మీరంతా మెచ్చుకునే రెండో పువ్వు ఆవిడ ఎడమచేతి పనే. నాకు ఈ పని నేర్పిందే ఆవిడ. ఆరోజు ఆ గోడ దగ్గర కూర్చుని నాకేం తెలియదని చెప్పిందే, ఆవిడే. నేనొక్కదాన్నే చేశానని మీకు అబద్ధం చెప్పాను. నా అబద్ధం బయటపడకూడదని ఆవిడ చెయ్యి మార్చుకుంటోంది."

నవ్వులు ఆగిపోయాయి. అధ్యక్షురాలు కళ్ళద్దాలు పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. లోలాకులావిడ ఎవరి ముఖంలోకీ చూడకుండా దారం ఉండలు పంచిపెట్టి, ఆ రోజు పాఠం చెప్పి ముగించింది.

ఇంటికి వచ్చేసరికి వదిన కిటికీ దగ్గరే ఉంది. సూది ఇంకా కుడిచేతిలోనే.

"అడిగారా?" అంది.

"అడిగారు."

"కొత్త రకం అని చెప్పావా?"

"లేదు వదినా. ఉన్నదంతా చెప్పేశాను. నేర్పింది నువ్వని, ఆ పువ్వు నీదని, నేను అబద్ధమాడానని. అందరి ముందూ చెప్పాను." మెచ్చుకుంటుందేమోనని ఎక్కడో చిన్న ఆశ కూడా పడింది లోలాకులావిడ. మనిషి బుద్ధి అంత తొందరగా పోతుందా!

వదిన వంకరగా వచ్చిన రేకును ఒక్కో ముడీ విప్పుకుంటూ పోయింది. మొత్తం విప్పేశాక తలెత్తింది.

"ఆరోజు టీ గ్లాసులు పట్టుకుని నేనక్కడే ఉన్నాను కదే పిల్లా, నీ పక్కనే" అంది. "అప్పుడు చెప్పలేకపోయావా?"

లోలాకులావిడ తల దించుకుని ఎదురుగా నేల మీద కూర్చుంది. వదిన ఆమె చెవికి వేలాడుతున్న వంకర పువ్వును చెయ్యి చాపి తీసేసి, డబ్బాలో వేసి, సూదిని ఎడమచేతిలోకి మార్చుకుంది.