మ్యూరియెల్ పెద్దమ్మ గేటు తాళం అడిగిన రోజు

మ్యూరియెల్ పెద్దమ్మ జీవితంలో తనంతట తాను ఎంచుకున్నది దాదాపు ఏమీ లేదు. క్లెయిర్‌వుడ్‌లో పుట్టిన ఇల్లు ఫ్యాక్టరీల కింద పోయింది. టోంగాట్‌లో కుట్టుపని తండ్రి చూశాడు, మొగుణ్ణి మేనమామ చూశాడు. ఆ మొగుడు, మా రెజీ పెదనాన్న, చర్చిలో చేరితే ఆమెనూ తీసుకెళ్లి బాప్తిస్మమని సముద్రంలో ముంచారు. తొంభైనాలుగు ఏప్రిల్‌లో, యాభై దాటాక, తెల్లవాళ్ల పెత్తనం పోయి, దేశంలో అన్ని రంగుల వాళ్లతో కలిసి మొదటిసారి ఓటు వచ్చింది. ఇది మాత్రం నాది అంది.

అంతకు ముందు ఆదివారం పాస్టర్ యూజీన్ ఆమె తలమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. "దేవుడు చూపిస్తున్నాడు. ఓటు రోజున ఈ అక్క రోడ్డు మీద రక్తంతో పడి ఉంది."

ఆ నెలల్లో పార్టీల కొట్లాటల్లో మా వైపు మనుషులు చస్తూనే ఉన్నారు. పెదనాన్న భయాన్ని నేను వెక్కిరించను. కానీ ఓటు రోజు పొద్దున నేను నా చిన్న ట్రక్కు, బక్కీ, తోలుకుని వెళ్లేసరికి గేటుకు తాళం. తాళంచెవి ఆయన జేబులో. పక్కన ప్రార్థన చేస్తూ పాస్టర్. పెద్దమ్మ చర్చి గౌను వేసుకుని, చేతిసంచితో గేటు లోపల నిలబడింది.

"దేవుడు సూశాడా, అనుకున్నాడా?" అని పాస్టర్‌ని నిలదీసింది.

"చూశాడక్కా."

"సూసేస్తే జరిగిపోయినట్టే. తాళం ఎందుకయ్యా?"

"ఆయన సర్వశక్తిమంతుడు. మార్చగలడు."

"మారిస్తే ఆయన సూసింది తప్పు. మార్చలేకపోతే బలం లేదు. ఆ గొడవ ఆయన్నే తేల్చుకోనీ. ఈ తాళం మాత్రం మీది."

పాస్టర్ మళ్లీ ప్రార్థనకు కళ్లు మూసుకున్నాడు.

"నుదుటి రాత అబద్ధమని నన్ను నీళ్లల్లో ముంచినావు. ఇప్పుడు నువ్వే రాస్తన్నావా?"

పెదనాన్న తాళం తీశాడు. "సస్తే ఇద్దరం సద్దాం, పద."

స్కూలు ముందు వరుస రోడ్డు చివరిదాకా ఉంది. గేటు దగ్గరపడ్డాక ఎక్కడో టైరు పేలింది. "తుపాకులు కాలుస్తున్నారు!" అని ఎవరో అరిచారు. జనం చెదిరిపోయారు. చూస్తే పెద్దమ్మ తారు మీద పడి ఉంది. మోకాలు, అరచెయ్యి రక్తం.

పెదనాన్న మొహం పాలిపోయింది. "అచ్చం అన్నట్టే అయిందే! లే, ఇంటికి పోదాం."

ఆమె తన రక్తాన్ని చూస్తూ కదల్లేదు. ఇక ఇంటికి పోతుందనే అనుకున్నాను.

"పడ్డం వరకే సూపించాడు," అంది చివరికి. "చెయ్యియ్యి, లేస్తాను."

వరుసలో ఆమె చోటు పోయింది. కుంటుకుంటూ వెళ్లి మళ్లీ చివర నిలబడింది. పెదనాన్న ఆమె వెనకే నిలబడి గొడుగు పట్టాడు, తిడుతూనే.

లోపల, ఓటేసే ముందు గుర్తుగా చేతుల మీద సిరా చల్లే అమ్మాయి రక్తం తుడుచుకోమంది. పెద్దమ్మ చర్చి గౌనుకే తుడుచుకుని చేతులు చాపింది.