హెల్మెట్‌తో ఇచ్ఛాపూర్ దాకా

సూరత్‌లో ఉన్ అనే పేట నుంచి ఇచ్ఛాపూర్ వెళ్ళేవాళ్ళకు నా మొదటి సలహా: ఖాళీ చేతులతో వెళ్ళండి. నా చేతిలో ఫోనుతో పాటు మా బావ వెల్డింగ్ హెల్మెట్ కూడా ఉంది. పదకొండింటికి అక్కడి షెడ్డులో ఆయనకు ఉద్యోగ పరీక్ష. ఎవరి హెల్మెట్ వాళ్ళే తెచ్చుకోవాలి. పొద్దున్నే అక్క ఆ కొత్త హెల్మెట్‌కు పూజ చేసి, అద్దం పై అంచున రెండు కుంకుమ బొట్లు పెట్టింది. బావ దేవుడికి దండం పెట్టుకుని, హెల్మెట్‌ను దేవుడి దగ్గరే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఎనిమిదిన్నరకు బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది. హెల్మెట్ తొడుక్కుని ఫోను చూశాను. అడ్డంగా తిప్పగానే తెర నల్లబడింది. హెల్మెట్ తీసేసి, దాన్ని అమ్మిన దుకాణదారుకు ఫోను చేసి అరిచాను. పక్క సీట్లో కూర్చున్న, మగ్గాల మీద పనిచేసే తెలుగు కాక ఫోను నిలువుగా పట్టుకుని చూడమన్నాడు. చూస్తే తెర వెలుగుతోంది.

“నా చలువ అద్దాలల్ల గూడ గిట్లనే అయితది బిడ్డా. ఆయన్నెందుకు తిడుతున్నవ్?”

నెట్‌లో చదివాను. ఫోను తెర వెలుగు ఒకే దిక్కుగా ఊగుతుందట. హెల్మెట్ అద్దంలో రెండు పొరలు. ఒకటి నిలువుగా ఊగే వెలుగునే రానిస్తుంది, రెండోది అడ్డంగా ఊగేదాన్నే. ఫోను అడ్డంగా తిప్పితే దాని వెలుగు మొదటి పొర దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో ఉన్న లిక్విడ్ క్రిస్టల్ వెలుగును మెలితిప్పి రెండూ దాటిస్తుంది. వెల్డింగ్ మంట కనబడగానే సెన్సార్లు కరెంటు పంపుతాయి, క్రిస్టల్ మెలితిప్పడం మానేస్తుంది, అద్దం నల్లబడి కళ్ళు బతుకుతాయి. ఇంత జ్ఞానం వచ్చినా దుకాణదారుకు సారీ చెప్పలేదు.

బస్సు మారి, పదీ నలభైకి దిగాను. గేటు దగ్గర చాయ్ బాగుంటుంది, తాగే టైము ఉంటే.

షెడ్డులో సూపర్‌వైజర్ మంట వెలిగించి, బావ హెల్మెట్‌ను దానికి ఎదురుగా పట్టాడు. అద్దం నల్లబడలేదు.

“కాలా నహీ హోతా, భాయ్. దస్ మినిట్ హై. నహీ తో ఘర్ జావ్.”

పది నిమిషాల్లో అద్దం నల్లబడకపోతే ఇంటికి పొమ్మని. నేను మళ్ళీ దుకాణదారుకే ఫోను కొట్టాను. “డూప్లికేట్ మాల్ దియా!” అని, నకిలీ సరుకు అంటగట్టాడని అరిచాను.

“జర నోరు మూస్తవా బామ్మర్ది?” అంటూ బావ హెల్మెట్‌ను వెలుతురులోకి తిప్పాడు. అక్క పెట్టిన రెండు బొట్లూ సరిగ్గా రెండు సెన్సార్లను మూసేశాయి. తడి రుమాలుతో తుడిచాడు. మళ్ళీ మంట వెలిగింది, అద్దం నల్లబడింది. రుమాలుకు అంటిన కుంకుమను బావ హెల్మెట్ వెనక పట్టీకి అద్ది పరీక్షకు వెళ్ళాడు.

ఒంటిగంటకు తిరుగు బస్సు. బావకు రేపటి నుంచే డ్యూటీ. దారిలో అక్క ఫోను, స్పీకర్‌లో పెట్టాను.

“నేను బొట్టు పెట్టినందుకే పాసైండు. ఏమంటవ్ తమ్మీ?”

బావ నా కాలు తొక్కాడు.

“అవునక్కా,” అన్నాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను నెమ్మదిగా అన్న మాట అదొక్కటే.

ఇక సారీ చెబుదామని దుకాణదారుకు ఫోను చేశాను. నా అరుపుల మంటకు ఎప్పుడో బ్లాక్ చేసేశాడు. ఆయన సెన్సార్ల మీద ఎవరూ బొట్టు పెట్టలేదు.