కారు జాగాలో కుట్టుమిషను

పక్క ప్లాటులో ఈ ఉదయం పునాదికి ముగ్గు పోశారు. గాలి మా వైపు తిరిగి, కిటికీలోంచి సున్నం పొడి వచ్చి నా ముక్కులో దూరింది. వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, కత్తిరిస్తున్న జాకెట్టు గుడ్డ పక్కన పెట్టేశాను. ఆ వాసన తగిలితే నాకు నర్సింహ మేస్త్రి గుర్తుకొస్తారు. బడంగ్‌పేట్‌లో మా ఇల్లు కట్టింది ఆయనే. నల్గొండ వైపు మనిషి, హయత్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆయన నాకు చుట్టమూ కారు, చదువు చెప్పిన పంతులూ కారు. ఇల్లు కట్టడానికి వచ్చిన మనిషి నాకు ఏం నేర్పారో చెప్పాలంటే ముందు మా ప్లాను సంగతి చెప్పాలి.

అప్పట్లో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. పోచంపల్లి వైపు మగ్గం కుటుంబం మాది. మా ఆయన చీరల షాపులో పనిచేసేవారు, నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. నా మిషను మెట్ల కింద ఉండేది. లేచినప్పుడల్లా నెత్తి మెట్టుకు కొట్టుకునేది, పట్టపగలు కూడా బల్బు వేసుకోవాల్సిందే. ఆ మిషను సంపాదన కూడా కలిస్తేనే నూట ఇరవై గజాల ప్లాటు కొనగలిగాం. ఇక ఇల్లు కడదామనుకున్నాక రోజూ అదే ముచ్చట. అత్తమ్మకు ఈశాన్యంలో దేవుడి గది కావాలి. మా ఆయనకు ముందు భాగంలో కారు జాగా కావాలి. ఉన్నది ఒక పాత స్కూటరు, అదీ తన్నగా తన్నగా కదిలేది. అయినా "కారు జాగ లేకుంటె అదేం ఇల్లు?" అనేవారు. నన్ను అడిగితే "మీ ఇష్టం" అనేదాన్ని. ఇంజనీరు గీసిన కాగితంలో అన్నీ వచ్చాయి, నా మిషను తప్ప. చూశాను, ఊరుకున్నాను.

మేస్త్రికి ఒక పద్ధతి ఉంది. ముగ్గు పోశాక, గునపం దిగకముందు, ఇంటివాళ్ళంతా ఒక పూట ఆ గీతల మధ్య తిరగాలి. మేమూ తిరిగాం. అత్తమ్మ కొంగు దోపుకుని సూటిగా దేవుడి గదిలోకి నడిస్తే ఆయన కేకేశారు. "ఓ పెద్దమ్మా, గోడలకెల్లి పోతున్నవ్! దర్వాజ గటు ఉన్నది." అందరం నవ్వాం. తర్వాత ఆయన, "పొద్దంత ఎవరు యాడ ఉంటరో గాడ నిలబడుండ్రి," అన్నారు. అత్తమ్మ దేవుడి గదిలో, మా ఆయన ఇంకా కొనని కారు పక్కన, నేను వంటింట్లో నిలబడ్డాం. మేస్త్రి నా వైపు చూసి, "మీ ఇంటికి ఎన్నిసార్లు ఒచ్చినా నువ్వు మిషన్ మీదనే కనవడ్డవ్. గా మిషన్ యాడ పెడ్తవ్ బిడ్డా?" అన్నారు.

"యాడో ఒక మూలకు పెట్టుకుంట మేస్త్రీ."

"యాడో అనే రూము నాకు కట్టరాదు."

మా ఆయన అందుకుని, "తర్వాత మిద్దె మీద రేకులేద్దాం తియ్యి," అన్నారు. ఆ 'తర్వాత' నాకు కొత్త కాదు. మేస్త్రి ఇటుకల మీద కూర్చుని బీడీ ముట్టించి, "ఆమెను చెప్పనీయుండ్రి. నాకేం తొందర లేదు," అన్నారు. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. నలుగురిలో నన్ను నిలబెట్టి ఇదేం పరేషాను! నాకు నోట్లో నాలుక లేక కాదు. జాకెట్టు ఆలస్యమైందని కొట్లాటకు వచ్చిన వాళ్ళను నవ్వించి పంపేదాన్ని. నా కోసం అడగడం మాత్రం ఎన్నడూ అలవాటు లేదు. ఈ పూట అడగకపోతే ఇక జన్మంతా మెట్ల కిందే అని భయం కూడా వేసింది. చివరికి నేల చూస్తూ అన్నాను.

"కారు జాగ నాకు కావాలె. ఉత్తరం దిక్కు పెద్ద కిటికీ కావాలె. నల్లగుడ్డ మీద నల్లదారం కనవడాలె."

మా ఆయన తెల్లబోయారు. "మరి కారు?"

"ఉన్నదారా కారు?" అన్నది అత్తమ్మ, దేవుడి గదిలోంచే. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆమె నా పక్షాన మాట్లాడింది తక్కువ. ఆ ఒక్క మాటకు మిగతావన్నీ మాఫీ చేశాను. మేస్త్రి బీడీ పారేసి, కాలితో పాత గీత చెరిపి కొత్తది పోశారు. కిటికీ పెట్టే రోజు నన్ను పిలిపించి, ఇటుకల మీద కూర్చోబెట్టి, మోచెయ్యి ఎంత ఎత్తుకు వస్తుందో కొలిచి మరీ కిటికీ కింద దిమ్మె కట్టారు. మా ఆయన స్లాబు పడేదాకా ముభావంగానే ఉన్నారు. కారు తర్వాత వచ్చింది. గల్లీలో నిలబడుతుంది. దాని మీద కొత్త గీత పడ్డప్పుడల్లా ఆయన నా గది వైపు ఒక చూపు చూస్తారు.

గృహప్రవేశం నాడు మేస్త్రికి నేనే వడ్డించాను. ఆ రోజు నా వెంట ఎందుకు పడ్డారని అడిగాను. ఆయన అన్నం కలుపుతూనే చెప్పారు.

"ఊళ్ళె నా ఇల్లు నేనే కట్టుకున్న. మా ఇంటామె అంజమ్మ ఇటుకలు అందిచ్చింది. వంటింటికి కిటికీ పెట్టలే, ముహూర్తం తొందరల. పదేండ్లు పొగల వండింది. ఒక్కనాడు అనలే, నేను అడగలే. ఆమె పోయినంక నా బువ్వ నేను వండుకుంటె ఎరుకైంది."

"ఇప్పుడన్న పెట్టించిన్రా కిటికీ?"

"ఎవరికి బిడ్డా?" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. పప్పు గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆయన పోయి రెండేళ్ళయిందట. మొన్నీమధ్య హయత్‌నగర్ అడ్డా మీది కూలీలు చెప్పారు. చివరిచూపుకు వెళ్ళలేకపోయానని బాధగానే ఉంది.

పోయిన వారం ఒక అత్తగారు కోడలిని వెంటబెట్టుకుని జాకెట్టు కుట్టించడానికి వచ్చింది, కోస్తా వైపు వాళ్ళు. "మెడ చిన్నదిగా పెట్టండి, చేతులు మోచేతి దాకా ఉండాలి. దానికేం తెలీదు," అంది. నేను కత్తెర కింద పెట్టి, ఆ పిల్లను అడిగాను, నీకెట్ల కావాలమ్మా అని. పిల్ల అత్తగారి వైపు చూసింది. అత్తగారు గడియారం చూసింది. నేను కూర్చునే ఉన్నాను.

"వెనక ఇంకొంచెం కిందికి పెట్టండి," అంది పిల్ల. "చేతులు పొట్టిగా."

అప్పుడు గుడ్డ పరిచాను.