చాంద్ బాషా చూసిన ఉప్పు

సౌదీలోని రాబిగ్‌లో హోటలు నడిపేవాళ్లకు రెండే భయాలు. ఒకటి బలదియా వాళ్లు, అంటే మునిసిపాలిటీ తనిఖీ మనుషులు. రెండోది చాంద్ బాషా. బలదియా వాళ్లు ఫ్రిజ్జు తెరిచి, గోడలు తడిమి, తమ దారిన తాము పోతారు. చాంద్ బాషా పోడు. కూర్చుంటాడు, తింటాడు, ఆ తర్వాత నోరు విప్పుతాడు.

పుట్టింది రాయచోటిలో. మీసాలు సరిగ్గా మొలవకముందే సౌదీకి వచ్చి, సగం వయసు లారీల మీద, మిగతా సగం ఆసుపత్రి వ్యానులో గడిపేశాడు. నర్సుల్ని డ్యూటీకి తీసుకెళ్లి మళ్లీ క్వార్టర్స్‌లో దింపడం ఆయన ఉద్యోగం. కానీ అది జీతం కోసం చేసే పని మాత్రమేననీ, దేవుడు తనకు అప్పగించిన అసలు పని తిండికి తీర్పు చెప్పడమనీ ఆయన గట్టి నమ్మకం. గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం, తెల్లటోపీ, వ్యాను స్టీరింగుకు ఎప్పుడూ ఆనుకునే పొట్ట, చూడగానే ఎవరైనా నమ్మేస్తారు కూడా.

హోటల్లో కూర్చోగానే ఆయన మెనూ అడగడు. వడ్డించేవాడు పళ్లేల కింద ప్లాస్టిక్ సుఫ్రా ఎలా పరుస్తున్నాడో చూస్తాడు. ముడతలు పడేలా విసిరాడా, సగం మార్కులు అక్కడే పోయినట్టు. ఉల్లిపాయ, నిమ్మచెక్క అడగకముందే రావాలి. నీళ్ల సీసా చప్పుడు కాకుండా దిగాలి. యెమెనీవాళ్ల మందీ హోటల్లో రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి, అన్నం పొద్దుటిదో ఇప్పటిదో చెబుతాడు. సముద్రం ఒడ్డున చేపల హోటల్లో అయితే మంచు మీద పడుకున్న చేప కళ్లలోకి తదేకంగా చూస్తాడు. పెళ్లయిననాటి నుంచి సురయ్యా దాదీ కళ్లలోకి అంతసేపు చూసి ఉండడని మనవరాలు ముబష్షిరా వెక్కిరిస్తుంది. ముబష్షిరా పదో తరగతి తప్పి, మళ్లీ పరీక్ష కడతానంటూ ఇంట్లో కాలం గడుపుతున్న పిల్ల. చదువు మిగల్చిన తెలివంతా తాతను ఏడిపించడానికి ఖర్చు పెడుతుంది.

తిన్న తర్వాత తీర్పు ఊళ్లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో గొంతు సందేశంగా వస్తుంది. రిఫైనరీ టెక్నీషియన్లు, దుకాణాల కుర్రాళ్లు, నర్సులు అందరూ వింటారు. మదీనా రోడ్డు మీద కొత్తగా తెరిచిన హోటలు గురించి ఆయన ఇలా చెప్పాడు: “అప్పా, అందరికీ సలాం. నాటుకోడి అని బోర్డు పెట్టినారు. ఆ కోడి బ్రెజిల్ నుంచి వచ్చింది. మనకంటే ఎక్కువ దేశాలు చూసింది. దానికి ఒక దండం పెట్టి వచ్చేయండి.” ఆ వారం ఆ హోటలుకు ఎవరూ పోలేదు.

ఆయన నెత్తిన పెట్టుకున్నది ఒక్క అబ్దుల్ ఘనీ హోటలునే. దానికి కారణం అక్కడి వంటవాడు మస్తాన్ వలీ. వేంపల్లె మనిషి, మాట తక్కువ. శుక్రవారం పొద్దున పెద్ద డేక్సాలో బిర్యానీ పెడతాడు. మసాలాలో ఎసరు పోసి, అది మరిగాక, బియ్యం వేసే ముందు ఉప్పు చూడాలి. ఆ ఎసరు నాలుకకు కొంచెం ఎక్కువగానే తగలాలి, ఎందుకంటే బియ్యం ఉప్పును తాగేస్తుంది. ఆ ఉప్పు చూసే మర్యాద చాంద్ బాషాది. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు గానీ, ఆయన ఎడమ చేత్తో టోపీ సర్దుకుని, కుడి అరచేయి దొప్పలా చాచి, మస్తాన్ గరిటెతో పోసిన ఎసరు చప్పరించి, కళ్లు మూసుకుని “బిస్మిల్లా” అనేదాకా బియ్యం పడదు. చుట్టూ పార్సెళ్ల కోసం వచ్చినవాళ్లు నిలబడి చూస్తుంటారు. ఆ కాసేపు ముసలాయన రాబిగ్‌కు అమీరు.

చలికాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. వారం మూలిగి లేచాక, ఊళ్లో వంటలన్నీ ఒక్కసారిగా పాడైపోయాయని కనిపెట్టాడు. టమాటాలు గాజుగదుల్లో పండిస్తే రుచి ఎక్కడిదన్నాడు. మాంసం ఐసుపెట్టెలో పడి మొద్దుబారిందన్నాడు. మందీ చప్పగా ఉందని యెమెనీతో తగువు పడ్డాడు. తేడా ఎక్కడుందో లోలోపల ఒక మూల ఆయనకు తెలియకపోలేదు. ఆ మూలకు పోకుండా చుట్టూ తిరుగుతున్నాడంతే.

ఆ శుక్రవారం మస్తాన్ పెట్టిన డేక్సా మామూలు బేరం కోసం కాదు. సునీత అనే భీమవరం నర్సు తన కూతురి మొదటి పుట్టినరోజు చేస్తోంది. వ్యానులో రోజూ ముందు సీటు ఆమెదే. చాంద్ బాషా మాట మీదే భోజనం ఘనీ హోటలుకు చెప్పింది. ఆయన అరచేతిలో ఎసరు పడింది. చప్పరించాడు. వేడి తెలిసింది, ఇంకేమీ తెలియలేదు.

“ఏందిరా మస్తానూ, ఉప్పుకు గూడా ఇకామా అయిపోయిందా?”

సౌదీలో ఉండనిచ్చే ఇకామా కార్డు గడువుతో అందరికీ తిప్పలే కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వు వినిపించాక ఆయనకు ఇంకాస్త ఊపు వచ్చింది. మస్తాన్ నెమ్మదిగా, సరిగ్గానే వేశానని, ఇంకోసారి చూడమని అన్నాడు. నువ్వు పుట్టకముందు నుంచి ఎసర్లు చూస్తున్నానని చాంద్ బాషా అన్నాడు. మస్తాన్ ఒక గుప్పెడు వేశాడు. ముసలాయన మళ్లీ చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకో గుప్పెడు పడింది. ఈసారి మస్తాన్ తానే ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఘనీ వైపు చూశాడు. గల్లాపెట్టె దగ్గర లెక్కల్లో మునిగిన ఘనీ, పెద్దాయన చెప్పినట్టు చెయ్యమని చేత్తో సైగ చేశాడు. ఆ తర్వాతే ముసలాయన “బిస్మిల్లా” అన్నాడు.

జుమా నమాజు అయ్యాక అందరూ ఊరి చివర అద్దెకు తీసుకున్న విడిదికి చేరారు. మొదటి ముద్దకే నీళ్ల సీసాలు లేచాయి. పిల్లలు ఉమ్మేశారు. పెద్దవాళ్లు మర్యాదకు పెరుగు కలిపి చూశారు, అయినా దిగలేదు. చాంద్ బాషా మాత్రం రెండోసారి పెట్టించుకుని తింటున్నాడు. పక్కనున్నాయన, ఇంత ఉప్పు ఎలా తింటున్నావు భాయ్ అని అడిగేదాకా ఆయన తల ఎత్తలేదు. ఎత్తేసరికి విడిదంతా తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. సునీత బిడ్డను చంకలో వేసుకుని, వచ్చినవాళ్లకు క్షమాపణ చెబుతూ తిరుగుతోంది. ఘనీ పరుగున వచ్చి, ఉప్పు ఇంత ఎలా పడిందని అడిగాడు.

మస్తాన్ డేక్సా పక్కన భుజం మీద తువ్వాలతో నిలబడి ఉన్నాడు. చాంద్ బాషా వైపు చూశాడంతే.

“నేను చూసినప్పుడు సరిగ్గానే ఉండె గదప్పా,” అన్నాడు చాంద్ బాషా. “ఆ పైన మల్లా ఏసినట్టుండాడు.”

మాట బయటికి వచ్చాక గానీ అది అబద్ధమని ఆయనకే తెలియలేదు. తెలిశాక వెనక్కి తీసుకునే ధైర్యం చాలలేదు. ఇన్నేళ్ల నాలుక మాట ముందు ఒక వంటవాడి మౌనం ఎంత. సునీత అందరి ముందూ మస్తాన్‌ను కడిగేసింది. సాయంత్రానికి అతని చేతిలోంచి గరిటె పోయి గిన్నెలు తోమే పీచు వచ్చింది. నెలాఖరుకు ఎగ్జిట్ కొట్టి పంపించేయమని కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమానికి, ఘనీ చెప్పాడు. ఆ ముద్ర పడితే మస్తాన్ వేంపల్లెకు పోవడమే, ఈ హోటలుకు తిరిగి రావడం ఉండదు.

తర్వాతి రోజుల్లో చాంద్ బాషా గ్రూపులో సందేశం పెట్టలేదు. భోజనం ముందు కూర్చుని గోడ చూస్తుంటే ముబష్షిరాకు ఏమీ తోచలేదు. దాదాను నవ్వించాలని, చక్కెర లేకుండా కాచే ఆయన చాయ్‌లో చెంచాడు ఉప్పు కలిపి, తలుపు పక్కన నక్కి నిలబడింది. ఆయన ఉమ్మేస్తాడు, చెప్పు విసురుతాడు, తను పారిపోతుంది. లెక్క అది.

ఆయన ఊదుకుంటూ ఊదుకుంటూ అడుగుదాకా తాగేశాడు. ముబష్షిరా బయటికి వచ్చి చాయ్ ఎలా ఉందని అడిగింది. బాగుందని, యాలకులు కొంచెం తగ్గాయని తీర్పు చెప్పాడు. పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే కప్పు అందుకుని అడుగు నాకి, ముఖం చిట్లించి, నవ్వు ఆపేసింది.

“దాదా,” అంది. “దీంట్లో ఉప్పేసినా. తమాషాకు.”

ఆయన ఖాళీ కప్పు వంక చూశాడు. ఇన్నాళ్లూ చుట్టూ తిరిగిన ఆ మూలలోకే ఎవరో రెక్క పట్టుకుని తీసుకెళ్లి నిలబెట్టినట్టయింది. వంటింటి గుమ్మంలో సురయ్యా చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“నాకు ఎప్పుడో తెలుసు,” అంది. “నీకు జ్వరం తగ్గినాక ఒక దినం పప్పులో ఉప్పే మరిసిపోయినా. బాగుందని తిని లేచినావు.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“నలుగురూ నిన్ను పిలిచేది దానికే గదా. అది గూడా లేదని నేనెట్ల చెప్పేది.”

ఆ జాలి ఆయనకు తిట్టుకంటే గట్టిగా తగిలింది. ఇన్నేళ్లూ ఆమె వంటకు కూడా హోటలు వంటకు పెట్టినట్టే వంకలు పెట్టినవాడు. ఆ రోజంతా మంచం దిగలేదు. కళ్లు మూసుకుంటే మస్తాన్ చూపు, తెరిస్తే ఆ కప్పు.

శుక్రవారం పొద్దున టోపీ పెట్టుకుని ఘనీ హోటలుకు బయల్దేరాడు. ఎందుకైనా మంచిదని ముబష్షిరా వెంటపడింది. డేక్సా దగ్గర కొత్త వంటవాడు, బంగ్లాదేశ్ మనిషి, అప్పటికే చాచా గొప్పతనం విని ఉన్నాడు. రెండు చేతులతో గరిటె పట్టుకుని భక్తిగా వచ్చాడు. పార్సెళ్ల వాళ్లు దారి ఇచ్చారు. చాంద్ బాషా అరచేయి చాచాడు. ఎసరు పోయబోతుంటే గుప్పిట మూసేశాడు.

“నాకు తెలీదు ఘనీ,” అన్నాడు. “నా నాలుక సచ్చిపోయింది. చలికాలం నుంచే.”

అందరూ నవ్వారు. ఆయన ఏం చెప్పినా నవ్వడం వాళ్లకు అలవాటు. ఆ అలవాటు చేసింది కూడా ఆయనే. నవ్వు ఆగేదాకా ఆయన తలొంచుకుని నిలబడాల్సి వచ్చింది. నిలబడి మళ్లీ మొదలుపెట్టాడు.

“తమాషా గాదప్పా. ఆ దినం ఉప్పు ఎక్కువ ఏపిచ్చింది నేనే. వాడు సరిపోయిందనే చెప్పినాడు. నేనే వినలేదు. మల్ల అందరి ముందర వాని మింద అబద్ధం చెప్పినా.”

ఘనీ తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ ఎంత గొప్పగా లోపలికి నడిచేవాడో, అంత చిన్నగా చాంద్ బాషా వెనకనున్న కొళాయిల దగ్గరికి నడిచాడు. మస్తాన్ మోచేతుల దాకా సబ్బు నురగతో డేక్సా మూత రుద్దుతున్నాడు. ముందుగదిలో అన్నదంతా వినే ఉంటాడు, రుద్దడం మాత్రం ఆపలేదు.

“తప్పు నాదని తెలిసి గూడా ఎందుకురా నోరు తెరవలేదు?”

“నువ్వే చెప్తావని చూసినా చాచా,” అన్నాడు మస్తాన్. “ఆ దినం.”

కొళాయి నుంచి నీళ్లు వృథాగా పోతుంటే చాంద్ బాషా కట్టేశాడు. చెయ్యడానికి ఆయనకు అంతకంటే పని కనిపించలేదు.

ఘనీ అప్పటికప్పుడు కఫీల్‌కు ఫోను చేసి ఎగ్జిట్ మాట వెనక్కి తీసుకున్నాడు. ఇంటికి వచ్చాక చాంద్ బాషా అదే సంగతి గ్రూపులో కూడా చెప్పాడు. ఫోను ముబష్షిరా పట్టుకుంది. చివర్లో ఏదో చతురోక్తి కలపాలని ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. మర్నాడు వ్యానులో నర్సులు రోజూలా ఆయన్ను ఆటపట్టించలేదు. సునీత ముందు సీటు వదిలి వెనక కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం కిటికీ దగ్గర ఆగింది.

“ఆ మస్తాన్‌ని నేను ఎన్నెన్ని మాటలు అనేశానండీ, తాతగారూ,” అంది.

ఆయన అద్దంలోకి చూడకుండా తలూపాడు. ఆ రోజు వ్యాను ఎందుకో మామూలుకంటే నెమ్మదిగా నడిపాడు.

మరుసటి శుక్రవారం గరిటె మళ్లీ మస్తాన్ చేతికి వచ్చింది. జుమా తర్వాత సురయ్యా బురఖా సర్దుకుంటూ, హోటలుకు పోదాం పదమని తనే బయల్దేరదీసింది. చాంద్ బాషా రానని మొండికేస్తే, చేసిన తప్పును ఇంట్లో దాచుకుంటే పులుస్తుందని చెప్పి ముబష్షిరా ఆయన్ను చెయ్యి పట్టి సామానులా లాక్కెళ్లింది. తెర కట్టిన ఫ్యామిలీ గదిలో కూర్చున్నారు. సుఫ్రా ముడతలు పడింది. ఆయన చూసీ చూడనట్టు అరచేత్తో సరిచేసుకున్నాడు. ఉల్లిపాయ రాలేదు. అడగలేదు.

బిర్యానీ వచ్చింది. కాసేపటికి మస్తాన్ తానే తెర పక్కన వచ్చి నిలబడ్డాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, “ఎట్లుంది చాచా?” అని అడిగేశాడు. అడిగాక ఇద్దరికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చాంద్ బాషా నోట్లో ముద్ద అలాగే ఉంది. మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది, అంతకంటే ఏం చెప్పాలన్నా అబద్ధమే. నెమ్మదిగా పెళ్లాం వైపు తిరిగాడు.

“ఎట్లుంది?” అని అడిగాడు. తిండి సంగతి ఆమెను అడగడం ఆయన జన్మలో అదే మొదలు.

సురయ్యా తొందరపడలేదు. అమీరు పదవి దక్కినట్టు ముద్దను నింపాదిగా నమిలింది. కళ్లు మూసుకుంది. అచ్చం ఆయనలాగే మూసుకోవడం చూసి ముబష్షిరా ఓణీ నోట్లో కుక్కుకుంది.

“మసాలా బాగుంది,” అంది సురయ్యా. “ఉప్పు ఒక రవ్వ తగ్గింది నాయనా. చెయ్యి భయపడింది.”

మస్తాన్ తల దించుకున్నాడు. ఆ చేతిని భయపెట్టింది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. మస్తాన్ వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి సురయ్యా ముందు పెట్టాడు, ఆయన ముందు కాదు. ఆమె తన పళ్లెంలో చిటికెడు చల్లుకుంది. ముసలాయన తన పళ్లెం కూడా ఆమె ముందుకు జరిపాడు.