ఏడాదికి రెండుసార్లు అరుగు తనిఖీ

మొన్న కాకినాడలో మా చెల్లెలి కూతురు కొత్తింట్లోకి దిగితే వెళ్లాను. ఇంటి వెనక పెరట్లో నేలకు కాస్త ఎత్తుగా చెక్కలతో అరుగు వేయించుకుంది. దాని మీద కుర్చీలు, పూలకుండీలు, చుట్టూ పట్టుకోవడానికి కమ్మీ. వచ్చినవాళ్లంతా ఎక్కి ఫొటోలు దిగుతుంటే నేను మాత్రం మెట్టు దగ్గర ఆగి, ముందొక కాలు పెట్టి నొక్కి చూసి, ఆ తర్వాతే రెండో కాలు పెట్టాను. "ఏంటి పెద్దమ్మా, విరిగిపోద్దనుకున్నావా?" అని అది నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ అలవాటు ఎక్కడ అబ్బిందో శుభమా అని గృహప్రవేశం చేసుకున్న ఇంట్లో చెప్పే సంగతి కాదు. నాలాగే దుబాయ్ దేశాలకు వెళ్లి, వయసు అక్కడ వదిలి వచ్చిన ఆడవాళ్లకు చెప్పుకోదగ్గది.

అబూదాబీ దగ్గర మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక అరబ్బుల ఇంట్లో నేను వంట చేసేదాన్ని. మా ఆయన అక్కడికి దగ్గర్లోనే ముసఫాలో, ఇళ్లకు మరమ్మతులు చేసే కంపెనీలో వడ్రంగి. పేరుకు ఒక్క చోటే ఉన్నాం గానీ నాకు సెలవు లేదు, ఆయన ఉండే క్యాంపులోకి ఆడవాళ్లను రానివ్వరు. ఫోనులో మాటలే తప్ప మనిషిని మనిషి చూసుకునేది లేదు. ఆ ఇంటి వెనక, వంటగది తలుపు తీయగానే, పెద్ద చెక్క అరుగు ఉండేది. చలికాలం సాయంత్రాలు మేడమ్‌గారి తల్లి చేతికర్ర ఆనించుకుని అక్కడ కూర్చుని ఖర్జూరాలు తింటూ గహ్వా, అంటే వాళ్ల కాఫీ, తాగేది. ఒకసారి కమ్మీ ఊగుతోందని మేడమ్ అంటే, మా ఆయన చేసేది ఆ పనేనని చెప్పాను. ఆమె కంపెనీకి ఫోను చేసింది. అప్పట్నుంచి ఎండాకాలం ముందు ఒకసారి, తగ్గాక ఒకసారి ఆయన వచ్చి అరుగును తనిఖీ చేసి వెళ్లేవాడు. మా సంసారం ఆ రెండు పూటలే.

ఆయన పనితీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. ముందు కమ్మీని రెండు చేతులా పట్టి ఊపేవాడు, ఎండకు చెక్క ఎండి పైకి లేచిన స్క్రూలను మళ్లీ బిగించేవాడు, సందుల్లో చేరిన ఇసుక గీకేవాడు. ఇసుక తడిని పట్టి ఉంచుతుంది, ఆ తడి చెక్కను తింటుంది అనేవాడు. ఆ తర్వాత టార్చి పట్టుకుని అరుగు కిందికి దూరేవాడు. వెల్లకిలా పడుకుని స్క్రూడ్రైవర్ మొనతో దూలాలను ఒక్కొక్కటీ పొడిచి చూసేవాడు. మంచి చెక్కయితే మొన దిగదు, పుచ్చిందయితే ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు దిగిపోతుంది. పైన బరువు పడితే ఏది కుంగుతుందో తెలియాలి గనక నన్ను చెక్కల మీద నిలబెట్టేవాడు. ఆయన కింద, నేను పైన. "ఇక్కడ నొక్కు. ఊఁ, పక్కదాని మీదికి జరుగు," అంటూ, మధ్యమధ్యలో ఊళ్లో మా అమ్మాయి చదువు గురించీ, మా అత్తగారి మోకాళ్ల గురించీ, క్యాంపులో వండుకునే పప్పు గురించీ చెప్పేవాడు. కావాలనే పని సాగదీస్తున్నామని ముసలమ్మగారికి తెలుసనుకుంటాను, గహ్వా తాగుతూ అటు తిరిగి కూర్చునేది.

కరోనా వచ్చింది. ముసఫాలో రాకపోకలు ఆపేశారు. ఎండాకాలం ముందు రావలసిన తనిఖీ జరగలేదు. వేసవి ఇంకా పూర్తిగా తగ్గకముందే ఒక సాయంత్రం ముసలమ్మగారి చేతికర్ర చెక్కలోకి దిగబడింది. ఆమె తూలి కమ్మీ పట్టుకుంది గనక సరిపోయింది. మేడమ్ హడలిపోయి కంపెనీ వెంటపడితే, పరీక్షలన్నీ చేయించుకుని మూతికి మాస్కుతో మా ఆయన వచ్చాడు. మనిషి సగమయ్యాడు. దగ్గరికి రావద్దని చేయి అడ్డం పెట్టి, నేరుగా అరుగు కిందికి దూరాడు.

ఏసీ నీళ్లు కారీ కారీ గోడవైపు దూలం మొత్తం పుచ్చిపోయింది. "గోడవైపు అసలు రాకు. ఇంకో నెల చూడకపోతే ముసలావిడతో సహా ఈ పక్కంతా కూలేది," అన్నాడు. స్క్రూడ్రైవర్‌తో ఇంకో రెండు చోట్ల పొడిచాడు. తర్వాత అన్నాడు, "నన్ను పంపించేస్తన్నారే. పనుల్లేవంట."

"ఎప్పుడండీ?"

"వచ్చే వారం ఇమానంలో."

"అమ్మాయి నర్సింగు అయ్యేదాకా నువ్వుండు, నేను అమ్మనీ ఇంటినీ చూసుకుంటాను," అన్నాడు. ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పలేకే కిందికి వెళ్లాక చెప్పాడని నాకు తెలుసు. నా ముఖం ఆయనకు కనబడకపోవడమూ మంచిదే అయింది. "పక్కదాని మీదికి జరుగు," అన్నాడు. జరిగాను.

రెండు రోజులు వచ్చి కొత్త దూలం వేసి, బోల్టులు బిగించి, చెక్కలన్నిటికీ నూనె పట్టించి, ముసలమ్మగారిని తనే పిలిచి నడిపించి చూశాడు. ఆవిడ "జేన్, జేన్" అంది, బాగుందని. గేటు దాకా వెళ్లి నేను చేయి ఊపాను. అదే చివరి చూపు.

మరుసటి ఏడు మా కోనసీమలో జబ్బు ఇంటింటికీ పాకింది. ఫోనులో ఆయన జ్వరమన్నాడు, ఆయాసమన్నాడు, ఆ తర్వాత ఫోను మా మరిది చేశాడు. నేను బయల్దేరే లోపే మట్టి చేశారు. ఆ వేళ నేను స్టవ్ ముందు నిలబడే ఉన్నాను. ముసలమ్మగారు వచ్చి స్టవ్ ఆపి, నా చేయి పట్టుకుని అరుగు మీదికి తీసుకెళ్లి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో నేను కుర్చీలో కూర్చున్నది ఆ ఒక్కసారే. ఆవిడకు నా భాష రాదు, నాకు ఆవిడది సగమే వచ్చు. చీకటి పడేదాకా చేయి వదల్లేదు.

ఎండలు తగ్గాక తనిఖీకి వేరే మనిషి వచ్చాడు. మధ్యవయసు వాడు, హిందీలో మాట్లాడాడు. కింద పడుకుని చూసి బయటికి వచ్చి, "పక్కా కామ్ హై దీదీ. కిస్‌నే కియా?" అన్నాడు, పని గట్టిగా ఉంది, ఎవరు చేశారని. మా ఆయనేనని, "మేరా ఆద్మీ," అన్నాను. ఇప్పుడెక్కడున్నాడని అడిగితే, ఇక లేడని "ఖలాస్ భాయ్," అన్నాను. అతను టోపీ తీసి కాసేపు తల వంచుకుని, ఏ చెక్కనూ కదపకుండా స్క్రూలు మాత్రం బిగించి వెళ్లాడు.

తర్వాత చెక్కతో గొడవెందుకని అరుగు తీయించి, నేలమట్టంగా గరుకు టైల్స్ పరిపించారు. ముసలమ్మగారికి ఇక పడతానన్న బెంగ లేదు. ఎవరూ వచ్చి చూడవలసిన పనీ లేదు. మంచిదే అనుకున్నాను, అనుకోగలిగినంత వరకు. అమ్మాయికి ఉద్యోగం వచ్చాక నేనూ తిరిగొచ్చేశాను.

ఇప్పుడు మా వీధిలో గల్ఫుకి వెళ్లిన మొగుళ్లు, ఇక్కడి పెళ్లాలు పొద్దస్తమానం ఫోనులో ఒకరినొకరు చూసుకుంటూనే పనులు చేసుకుంటారు. చూసి సంతోషిస్తాను. అంత దగ్గర్లో ఉండి కూడా మేము చూసుకున్నది తక్కువ. ఆయన ముఖం కావాలంటే నాకిప్పుడు గోడమీద ఫొటో వైపు తిరగాలి. ఆయన గొంతు వినాలంటే ఎటూ తిరగక్కర్లేదు, అది కాళ్ల కింది నుంచే వస్తుంది.