నల్ల బండి మీద గీతలు

ఆదెప్పది కదిరి పక్క పల్లె. దోహా నుంచి దుఖాన్ వెళ్ళే రోడ్డు వారన, ఇళ్ళూ ఇజ్బాలూ కలిసిపోయిన చోట, ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవరు. మేకలూ కోళ్ళూ పెంచే తోటలను అక్కడ ఇజ్బాలంటారు.

అతనికి మనుషుల మీద నమ్మకం తక్కువ. పుట్టుకతో వచ్చిన గుణం కాదది. తొమ్మిదేళ్ళ కిందట, మొదట పనికి కుదిరిన ఇంట్లో యజమాని చేతి గడియారం కనబడకుండా పోయింది. రెండు రోజులు అతని పెట్టె, పరుపు, ఆఖరికి చెప్పుల అడుగులు కూడా వెతికారు. మూడో రోజు గడియారం ఉతికే బట్టల్లో దొరికింది. తప్పయిందని ఎవరూ అనలేదు. "యల్లా, కానియ్, బండి తియ్" అన్నారంతే. అప్పటినుంచి, ఎవరైనా తన వంక అనుమానంగా చూసేలోపే తాను ఇంకొకరి వంక చూడటం నేర్చుకున్నాడు.

పక్కింటి డ్రైవరు ఇక్రాముద్దీన్‌ది కామారెడ్డి. రెండిళ్ళ గోడల మధ్య ఒక రేగు చెట్టుంది. దాని నీడ ఒక్క బండికే సరిపోతుంది. మార్చి మొదట్లో ఆ నీడ కోసం ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"చెట్టు మీ కఫీల్ నాటిండా?" అన్నాడు ఇక్రాముద్దీన్. పనిలో పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు.

"మా గోడకు ఆనుకోనుంది కదప్పా!" అన్నాడు ఆదెప్ప.

చివరికి ఇక్రాముద్దీనే బండి తీసుకుని ఎండలోకి పోయాడు. మరో నాలుగు రోజులకు ఆదెప్ప తోలే నల్ల బండి తలుపు మీద గీతలు కనబడ్డాయి. మోకాలి ఎత్తున, సన్నగా, మధ్యమధ్య మేకుతో పొడిచినట్టు చుక్కలు. గేటు దగ్గరి కెమెరాకు ఆ చెట్టు మూల కనబడదు. ఈ సంగతి డ్రైవర్లకు తప్ప ఎవరికి తెలుసు?

ఆదెప్ప ఉండే ఇంట్లోనే వంట చేసే పెద్దక్క వంగి ఆ గీతలు చూసింది. ఆమెది రాయచోటి.

"మనిషి గీకినట్ల లేదు రా ఆదెప్పా. మనిషైతే ఇంత కిందికి వంగి ఎందుకు గీకుతాడు?"

"కనపడకూడదని వంగింటాడు. నీకు తెలీదులే పెద్దక్కా."

ఇంటి యజమానురాలు మేడమ్ అడగకముందే ఆదెప్ప ఆమెతో పక్కింటి డ్రైవరు పేరు చెప్పేశాడు. నీడ దగ్గర జరిగిన గొడవా చెప్పాడు. మేడమ్ పక్కింటావిడకు ఫోన్ చేసింది. ఆ వారంలోనే ఇక్రాముద్దీన్‌ను డ్రైవరు పనిలోంచి తీసి, దుఖాన్ దాటాక ఎడారిలో ఉన్న వాళ్ళ ఇజ్బాకు మేకలు కాయడానికి పంపేశారు. సంచి భుజాన వేసుకుని పోతూ అతను ఆదెప్ప ముందు ఆగాడు.

"అల్లా మీద ఒట్టు, నేను ముట్టలేదు భాయ్."

దొంగ కూడా ఒట్టేస్తాడు అనుకున్నాడు ఆదెప్ప.

మూడు రోజులకు మళ్ళీ గీతలు పడ్డాయి. ఈసారి రెండో తలుపు మీద కూడా.

ఇక అతని మనసు మనసులో లేదు. పోతూపోతూ ఎవరికైనా పురమాయించి పోయాడా? ఇక్రాముద్దీన్‌కు రోజూ టీ పోసింది ఎవరు? పెద్దక్క కాదూ! ఆమె పెట్టిన అన్నం తింటూ ఆమె చేతి గోళ్ళ వంక చూశాడు. ఆమె అది గమనించింది.

"నన్నా?" అంది.

అతను తల దించుకుని తిన్నాడు. మర్నాటి నుంచి ఆమె అన్నం వడ్డించడం మానేసి, గిన్నె బయట పెట్టి లోపలికి పోయేది.

దొంగను పట్టుకోవాలనే పట్టుదలతో ఒక మధ్యాహ్నం ఆదెప్ప బండిని రేగు చెట్టు కింద నిలిపి, వెనక సీట్లో పడుకున్నాడు. అద్దాలు నల్లవి, లోపలి మనిషి బయటికి కనబడడు. గంట గడిచింది. ఒళ్ళంతా చెమట. ఇంతలో తలుపు మీద టక్కుమని చప్పుడైంది. మళ్ళీ టక్, టక్.

అద్దంలోంచి కిందికి చూశాడు. టర్కీ కోడిపుంజు!

చలికాలంలో దగ్గరి ఇజ్బా ఒకటి ఖాళీ అయినప్పుడు ఐదు టర్కీ కోళ్ళు బయటపడ్డాయి. మావని ఎవరూ రాలేదు. గోడల మీద పడుకుంటూ, చెత్త డబ్బాల దగ్గర ఏరుకుంటూ అవి వీధిలోనే ఉండిపోయాయి. ముట్టుకుంటే యజమాని ఎక్కడినుంచైనా పుట్టుకొస్తాడని అందరూ వాటికి దూరంగానే ఉన్నారు. వాటిలో పెద్ద పుంజు ఇప్పుడు తోక విసనకర్రలా విప్పి, మెడ కింది తోలు ఎర్రగా వేలాడుతుండగా, నిగనిగలాడే తలుపులో కనబడుతున్న తన ప్రతిబింబాన్ని శత్రువనుకుని పొడుస్తోంది. ఎగిరి కాలి గోళ్ళతో రక్కుతోంది. ఆదెప్ప రోజూ ఆ తలుపును అద్దంలా తుడిచేవాడు.

ఫోన్లో వీడియో తీశాడు. మేడమ్ చూసి పడీపడీ నవ్వింది, పిల్లలను పిలిచి చూపించింది. ఆదెప్పకు నవ్వు రాలేదు.

వీడియో చూసి పెద్దక్క, "ఇప్పుడేం చేస్తావు?" అని అడిగింది.

"పోయి చూపిస్తా."

"నాకు చూపించినట్లేనా, తప్పయిందని ఒక్క మాటైనా అనకుండా?"

శుక్రవారం మేడమ్ దగ్గర సెలవడిగి, తెలిసినవాళ్ళ బండిలో దుఖాన్ దాటి ఆ ఇజ్బాకు పోయాడు. ఇక్రాముద్దీన్ తొట్టిలో నీళ్ళు నింపుతున్నాడు. ముఖం ఎండకు కమిలి ఉంది. ఆదెప్ప ఫోన్ చాచాడు. అతను దాని వంక చూడలేదు.

"నాకెందుకు చూపెడుతున్నవ్? నేను గీకలేదని నాకు ముందే తెలుసు కదా."

ఆదెప్ప ఫోన్ జేబులో పెట్టుకుని, "తప్పు చేసినా" అన్నాడు. "మీ కఫీల్‌కు నేనే చెప్తా."

"చెప్పు. నాతోటి కాదు, ఆయనతోటి చెప్పు."

ఆ సాయంత్రమే ఆదెప్ప పక్కింట్లో మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ గుమ్మం ముందు నిలబడ్డాడు. తాను చూడకుండానే పేరు చెప్పానని, ఆ మనిషి తప్పు లేదని, వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. ఆ పెద్దాయన వీడియో రెండుసార్లు చూసి, దీని కోసమా నా డ్రైవర్ను పంపించాను అని గొణిగాడు. పది రోజులకు ఇక్రాముద్దీన్ తిరిగొచ్చాడు. టర్కీ కోళ్ళను ఎవరో ఇజ్బావాళ్ళు పట్టుకుపోయారు.

పెద్దక్క మళ్ళీ అన్నం వడ్డిస్తోంది. ఇక్రాముద్దీన్ మాత్రం మారాడు. రోజూ పొద్దున వచ్చి ఆదెప్ప బండి చుట్టూ తిరిగి, నాలుగు వైపులా ఫోన్లో ఫోటోలు తీస్తాడు.

"చూసుకో ఆదెప్పన్నా, ఏం లేదు కదా? తర్వాత నన్నడగొద్దు."

"ఏం లేదప్పా" అంటాడు ఆదెప్ప. ఇవెందుకు, మానెయ్ అని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాడు. చెప్పే ముఖం లేక, ఫోటో తీసినంతసేపూ బండి పక్కనే నిలబడతాడు.