నీళ్ళ బిగువు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. ఆ చాప ఇటు లాక్కోండి. గుమ్మంలో కూర్చుంటే నా మాట సగం వీధిపాలవుతుంది, ఈ సంగతి నేను గొంతెత్తి చెప్పలేను. చెప్పేది బండి చక్రం గురించి, దాని చుట్టూ బిగించే ఇనప పట్టా గురించి. పట్టా ఎప్పుడు మార్చాలో మగవాళ్ళు చూసుకుంటారు, నీకెందుకమ్మా అంటారేమో. మా ఇంట్లో ఆ పట్టా మార్చకుండా ఆగిపోయింది నా వల్లనే. అందుకు.

నేను కాపరానికి వచ్చిన ఊరు రామచంద్రపురానికి దిగువన, కాలువ గట్టు మీద. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, నేను, అంతే. మామగారు అప్పటికే లేరు. మా అత్తగారి కుడిచేతికి ఆ చుట్టుపక్కల పేరు ఉండేది. వైశాఖం వస్తే ఆవకాయ కోతకి ఆవిడని పిలవని చుట్టం లేడు. పుల్ల మామిడికాయని టెంకతో సహా కత్తిపీట మీద ఒక్క ఒత్తు ఒత్తేవారు. ముక్కలన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉండేవి. ఆ కత్తిపీటని వేరే చేయి తాకడానికి లేదు.

నేను తాకాను. ఒకరోజు ఆవిడ ఇంట్లో లేనప్పుడు చిప్పతో ఉన్న కొబ్బరిని దాని మీద పెట్టి కొట్టబోయి అంచుకి నొక్కు తెచ్చాను. వచ్చి చూసి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"కొబ్బరికాయ కత్తిపీట మీద కొడతారా అమ్మాయ్ మీ పుట్టింట్లో? మరి వంకాయ దేంతో తరుగుతారు, గునపంతోనా?" అన్నారు.

ఆ గునపం మాట రేవులో బట్టలుతికేవాళ్ళ దాకా వెళ్ళింది. ఆ తర్వాత నేను కూరలు విరిగిన కొడవలితో తరుక్కునేదాన్ని. నాకంటూ ఒక కత్తిపీట ఉండాలని పట్టుకుంది మనసులో. పదహారేళ్ళు లేవు నాకు. ఆ వయసులో మనసుకి ఏదైనా పట్టుకుంటే వదలదు.

ఆ ఏడే మా బండి పట్టా అరిగిపోయింది. పట్టా ముసలిదైతే అదే చెబుతుంది, వినేవాళ్ళు ఉండాలి. అంచులు పలచబడి చేతికి కోసుకుంటాయి. చెక్కకీ ఇనుముకీ మధ్య గోరు దూరుతుంది, తర్వాత గడ్డిపరక, ఆ తర్వాత సందులో చెక్కముక్కలు కొట్టుకోవాల్సి వస్తుంది. రాయి పెట్టి తడితే ఖంగుమనాల్సింది దబ్బుమంటుంది. మా చక్రాలు దబ్బుమనే దశకి వచ్చాయి. కార్తీకంలో మా ఆయన రాజమండ్రి పడవలో వచ్చిన ఇనప బద్దలు రెండు, చక్రానికొకటి, తాడు వేసి తనే కొలుచుకుని రేవులో కొన్నారు. వాటిని మా ఊరి కమ్మరి తాత కొలిమి దగ్గర దింపించారు. కోతలకి ముందే పట్టాలు వేయిద్దామని.

నేను కొడవలి సరిచేయించుకోవడానికి కొలిమికి వెళ్ళాను. ఆ బద్దలు పాక గోడకి ఆనించి ఉన్నాయి, మనిషికి రెండింతల పైన పొడవు.

"తాతా, ఇందులో మూరెడు తీసి నాకు కత్తిపీట చేసిపెట్టవా?" అన్నాను.

ఆయన సుత్తి కింద పెట్టాడు. "అది మీ బండి పట్టాకి తెచ్చిందమ్మా. అబ్బాయిగారు చెప్పారా?"

"చెప్పారు."

ఒక్క మాట. అది నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటుంది, వింటే నవ్వుతారు. పట్టాని నిప్పులో పెడితే పెరుగుతుందని, పెరిగాక చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే కుంచించుకుని బిగుస్తుందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఎలాగూ పెరిగేదే కదా, మూరెడు పోతే ఏం పోయిందనుకున్నాను. పెరిగేది వేలెడు కూడా ఉండదని నాకెవరు చెప్పారు? నేనెవరిని అడిగాను?

తాత "అయితే అతుక్కి వేరే ముక్క తెస్తారు కాబోలు" అని తనలో తను అనుకుంటూ ఉలి పెట్టి కొట్టాడు. నా పాత కొడవలి ఉక్కునే అంచుకి అతికి, చింతచెక్క పీటకి దిగ్గొట్టి, వారం తిరక్కుండా ఇచ్చాడు. ఇంట్లో మాత్రం పుట్టింటివాళ్ళు పడవలో పంపారని చెప్పాను. మా అత్తగారు దాని మీద బీరకాయ పెట్టి చూసి, "మీ కమ్మరి చేయి మంచిది. మా ముసలాడు ఇంత అంచు తియ్యలేడు" అన్నారు. ఆ పూట నాకు అన్నం ఎంత రుచించిందో.

పట్టాలు వేసే రోజు వచ్చింది. ఊళ్ళో అదొక వేడుకలా ఉండేది. పిడకలు గుండ్రంగా పేర్చాలి, ఆడవాళ్ళు కాలువ నుంచి బిందెలతో నీళ్ళు మోసి వరసగా పెట్టాలి. నేనూ బిందె దించాను. బద్ద వంచడానికి ముందు మా ఆయన చక్రం చుట్టూ తాడు తిప్పి, ఆ తాడు బద్ద మీద పరిచారు. మొదటిది సరిపోయింది. రెండోది చాల్లేదు. ఇంకోసారి పరిచారు. మూరెడు తక్కువ. వంగి కొస చూస్తే ఉలిదెబ్బ ఇంకా తెల్లగా మెరుస్తోంది.

"ఇది రేవులో నేనే కొలిచాను. ముక్క ఏమైంది?" అన్నారు.

కమ్మరి తాత నోరు తెరిచాడు. తెరిచి నా వైపు చూశాడు. నేను బిందెలో నీళ్ళ వైపు చూశాను. ఆ నీళ్ళలో పిడక పొడి తేలుతోంది, దాన్ని వేలితో తీస్తున్నాను. అంతసేపూ ఆయన ఎదురుచూశాడు, నేను చెబుతానని.

చివరికి, "నా దగ్గరున్నప్పుడు పోయింది బాబూ. నేనే జవాబుదారీని" అన్నాడు.

కొత్త కోడలి పరువు అంతమంది ముందు తియ్యడం ఆయనకి ఇష్టం లేకపోయింది. ఆ సంగతి నాకూ అర్థమైంది. అర్థమయ్యాక కూడా నోరు విప్పలేదు.

మా ఆయన అరిచే మనిషి కాదు. తాడు చుట్టుకుని, "మా తాతల నాటి నుంచి మా బండి ఈ కొలిమికే వచ్చింది. ఇక రాదు" అని చక్రాలు రెండూ పాత పట్టాలతోనే, కొత్త బద్దలతో సహా ఇంటికి తెచ్చేశారు. పక్క ఊరి కమ్మరి చేత కోతలయ్యాక వేయిద్దామన్నారు. కోతల తర్వాత నూర్పులన్నారు, నూర్పుల తర్వాత మరొకటి. ఈలోగా అందరూ చేసే పనే మేమూ చేశాం. పొద్దుగూకే వేళ చక్రాలు ఊడదీసి కాలువలో పడేయడం. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, తెల్లారేసరికి పట్టా బిగిసిపోతుంది. రాయితో తడితే ఖంగుమంటుంది, కొత్త పట్టాలాగే. ఆ మోత వింటే నాకు గుండె తేలికపడేది. చూశావా, ఏమీ కాలేదు, అనుకునేదాన్ని.

మాఘంలో ఒకరోజు నేను రేవులో ఉండగా కమ్మరి తాత గట్టు మీద వెళ్తూ ఆగాడు. మా చక్రాలు నీళ్ళలో ఉన్నాయి. నేను తలెత్తలేదు.

"నీళ్ళ బిగువు బిగువు కాదమ్మా" అన్నాడు. "నానిన చక్రం అబద్ధమాడుద్ది. నాలుగు రోజులు ఎండలో నిలబెట్టి అప్పుడు తట్టి చూడమనండి అబ్బాయిగార్ని. వేసవిలో కాలవ కట్టేత్తారు. అప్పుడేంటి మీ గతి?"

తనని దొంగ అన్న ఇంటి మీద ఆయనకి ఆ ఆదరం ఎందుకో నాకు తెలియదు. మాట మాత్రం ఇంటికి చేరలేదు. ఎవరు చెప్పారని అడిగితే ఆయన పేరు ఎత్తాలి. ఆయన పేరు ఎత్తితే ఆ ముక్క ఊసు వస్తుంది. మింగేశాను.

ఎప్పటిలాగే చైత్రం చివర్లో కాలువ కట్టేశారు. రెండు వారాలకి రేవులో బురద కూడా బీటలు తీసింది. వైశాఖంలో మా అత్తగారికి పెద్దాపురం దారిలో ఉన్న ఆవిడ చెల్లెలి ఇంటి నుంచి పిలుపొచ్చింది, ఆవకాయకి. కాలువలో నీళ్ళుంటే సగం దారి పడవలో వెళ్ళేవాళ్ళం. నీళ్ళు లేవు, బండే గతి. మా ఆయన నూతి నీళ్ళు నాలుగు బిందెలు చక్రాల మీద పోసి బండి కట్టారు. మా అత్తగారు తన కత్తిపీటని గోనెలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. నేను వెనక కూర్చున్నాను.

రామచంద్రపురం దాటేదాకా బాగానే ఉంది. పొద్దెక్కి రోడ్డు కాలడం మొదలుపెట్టాక నా వైపు చక్రంలోంచి కటకటమని మోత వచ్చింది. నాకు తెలుసు ఆ మోత ఏమిటో. మా ఆయన కూడా విన్నారు. "ముందు ఊళ్ళో నీళ్ళు పోద్దాం" అన్నారు. ఆ ఊరు రాలేదు. పట్టా జారి చక్రాన్ని వదిలేసింది. వదిలేసి, ఎవరో దొర్లించినట్టు అదొక్కటే ముందుకు వెళ్ళి, చేలోకి దిగి పడిపోయింది. మేమంతా దాన్నే చూస్తున్నాం. అంతలో చక్రం చెక్కలు విడిపోయి బండి ఒరిగింది. మా అత్తగారు పడ్డారు, బండి పక్కకర్ర ఆవిడ కుడి మణికట్టు మీద పడింది. నాకు గీత కూడా పడలేదు.

ఎలాగో ఆవిడని ఇంటికి చేర్చాక, కట్టు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు వేసి కట్టాడు. విప్పేసరికి ఎముక అతుక్కుంది గాని చేయి వంకరపోయింది, పట్టు పోయింది.

కట్టు ఇంకా ఉండగానే, మంచం మీద నుంచి మా అత్తగారు, "మన ఆవకాయకి తెచ్చిన కాయలు వాడిపోతున్నాయి. నీ కత్తిపీట తే అమ్మాయ్. నేను చెబుతుంటాను, నువ్వు కొయ్యి" అన్నారు. తెచ్చాను. వేశాను. కాయ పట్టుకున్నాను. ఒత్తలేకపోయాను. కత్తిపీట మీదే తల వాల్చి మొత్తం చెప్పేశాను. మూరెడు ముక్క, చెప్పారన్న అబద్ధం, బిందెలో పిడక పొడి, గట్టు మీద తాత అన్న మాట. మా ఆయన వాకిట్లో ఎడ్లకి గడ్డి వేస్తూ విన్నారు, గడ్డి వేయడం ఆపలేదు.

మా అత్తగారు మంచం మీద లేచి కూర్చున్నారు. చేయి గురించి అంటారనుకున్నాను. అనలేదు.

"ఆ ముసలాడిని ఆర్నెల్లు దొంగని చేశాం" అన్నారు. "లే. ఇద్దరూ వెళ్ళండి. పొద్దుండగానే వెళ్ళండి, పదిమందీ చూడాలి."

వెళ్ళాం. మా ఆయన కొలిమి ముందు చేతులు జోడించారు. నేను కత్తిపీట తాత కాళ్ళ దగ్గర పెట్టి, ఇది కరిగించి పట్టాకి అతికెయ్యి తాతా అన్నాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"కత్తయిన ఇనుము మళ్ళీ పట్టా అవదమ్మా. పలచబడిపోయింది. తీసుకెళ్ళండి" అన్నాడు. చక్రం బాగుచేయించాక, మూరెడు తగ్గిన ఆ బద్దకి తన దగ్గరున్న ముక్కే అతికి పట్టా వేశాడు. నాతో అంతకు ముందులాగే మాట్లాడాడు, అబ్బాయిగారు చెప్పారా అని మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు. నేనేం అడిగినా, "ఆయన్నే ఒకసారి రమ్మనండమ్మా" అనేవాడు.

కత్తిపీట నూతిలో పారేద్దామనుకున్నాను. మా అత్తగారు పారేయనివ్వలేదు. "పారేస్తే మర్చిపోతావు. దాంతోనే తరుగు" అన్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ, పోయాక ఇన్నేళ్ళూ దాంతోనే తరుగుతున్నాను. నా చేతికీ ఇప్పుడు పేరొచ్చింది, ఆవకాయకి పిలుస్తారు. వెళ్ళినప్పుడల్లా తప్పు చేసినట్టే ఉంటుంది. ఆవిడ ఆ చేయి ఊసు నా దగ్గర ఎత్తలేదు. కానీ భోజనానికి కూర్చుంటే వంకర వేళ్ళ సందుల్లోంచి అన్నం జారి విస్తట్లో పడేది, ఆవిడ మళ్ళీ ఏరుకునేవారు. వడ్డించేదాన్ని నేనే. ఎటు చూడాలో తెలిసేది కాదు.

అందుకే చెబుతున్నాను. పట్టా అరిగిందని తెలిసిన రోజే మార్చండి, పనులయ్యాక అనుకోకండి. నానబెట్టి తట్టి చూడకండి, ఎండబెట్టి తట్టండి. మాట కూడా అంతే.

ఇంతసేపూ కూర్చుని విన్నారు. మీ ఇంటి చక్రాలు నడివేసవిలో కూడా ఖంగుమని పలకాలి. మీ ఇంటి నుంచి బయల్దేరినవాళ్ళందరూ వెళ్ళిన చేతులతోనే తిరిగి రావాలి. మీ కోడళ్ళకి అడిగిన కత్తిపీట అడిగిన రోజే దొరకాలి తల్లీ. చల్లగా ఉండండి.